చిలుక రంగు తల్లిదా? తండ్రిదా?

చిలుక అనగానే మనకు పచ్చదనమే గుర్తుకొస్తుంది. చిలకపచ్చ అని ఒక రంగుకే పేరు పెట్టుకున్నవాళ్ళం. అటువంటిది, పట్నంలో పక్షుల దుకాణం ముందు నిలబడితే ఒకే పంజరంలో పసుపు, నీలం, తెలుపు, బూడిద రంగుల బుల్లి చిలుకలు కిచకిచమంటూ కనిపిస్తాయి. దుకాణదారు వాటిని "లవ్ బర్డ్స్" అంటాడు. నిజానికి లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండానివి. ఇవి ఆస్ట్రేలియా మైదానాల్లో గుంపులుగా తిరిగే బడ్జెరిగర్లు. జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. అప్పుడు వచ్చినవన్నీ ఆకుపచ్చవే. పంజరాలలో తరాలు గడిచిన కొద్దీ ఒక్కొక్క కొత్త రంగు బయటపడింది. ఈ కొత్త రంగులనే శాస్త్రంలో ఉత్పరివర్తనాలు అంటాం.

ఈ పక్షులను పెంచేవారిలో ఒక నమ్మకం ఉంది. "పసుపుదాన్నీ, నీలిదాన్నీ జతకడితే ఆకుపచ్చ పిల్లలు వస్తాయి. పసుపురంగు, నీలిరంగు కలిపితే ఆకుపచ్చ అవడం లేదూ? ఇదీ అంతే!" అని. వినడానికి బాగానే ఉంది. నీలం మగపక్షికి ఎర్రకళ్ళ పసుపు పెట్టను జతచేస్తే పిల్లలన్నీ ఆకుపచ్చగానే వస్తాయి కూడా. నమ్మకం రుజువైనట్లే కదా! కాని జతను తిరగేసి చూడండి. పసుపు మగపక్షికి నీలం పెట్టను జతచేయండి. ఈసారి మగపిల్లలన్నీ ఆకుపచ్చ, ఆడపిల్లలన్నీ పసుపు! అవే రెండు రంగులు, అదే కలయిక. ఎవరు తండ్రి, ఎవరు తల్లి అన్నది మారేసరికి ఫలితం మారిపోయింది. రంగుడబ్బాల్లో ఇలా జరగదు. మరి పక్షుల్లో ఎందుకు జరిగింది? ఈ చిక్కుముడి విప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇంటర్మీడియట్ లో చదివిన మెండెల్ పాఠం గుర్తుంటే చాలు.

ఈకలో ఏముంది?

ముందు రంగు ఎక్కడ నుంచి వస్తుందో చూద్దాం. బడ్జెరిగర్ ఈకలో పసుపు వర్ణకం ఒకటి, నలుపు వర్ణకం ఒకటి ఉంటాయి. ఆకుపచ్చ వర్ణకం లేదు, నీలం వర్ణకమూ లేదు! ఈకలోని సూక్ష్మమైన స్పంజి వంటి నిర్మాణం కాంతిలోని నీలి భాగాన్ని వెనక్కు తిప్పి పంపుతుంది. దాని అడుగున ఉన్న మెలనిన్ అనే నలుపు మిగతా కాంతిని మింగేస్తుంది. అందుచేత మన కంటికి నీలం కనిపిస్తుంది. పైపొరలో పసుపు వర్ణకం ఉంటే, ఆ పసుపులోంచి వచ్చిన నీలం ఆకుపచ్చగా కనబడుతుంది.

నమ్మకం కుదరకపోతే చిన్న ప్రయోగం చేయవచ్చు. పక్షిని పీకనక్కర్లేదు, పంజరం అడుగున రాలిన నీలి ఈక చాలు. దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే నీలం మాయమై మట్టిరంగుగా కనిపిస్తుంది. రాయితో నలగ్గొడితే నిర్మాణం చెదిరి నీలం పోతుంది. వర్ణకమే అయితే ఎంత నలిపినా పోదు కదా!

ఇప్పుడు లెక్క తేలిక. రెండు స్విచ్ లు ఉన్నాయనుకుందాం. ఒకటి పసుపుది, రెండోది నలుపుది.

పసుపు ఉంది, నలుపు ఉంది: ఆకుపచ్చ.
పసుపు లేదు, నలుపు ఉంది: నీలం.
పసుపు ఉంది, నలుపు లేదు: పసుపు. దీన్ని లుటినో అంటారు. నలుపు లేనందున కళ్ళు ఎర్రగా ఉంటాయి.
పసుపు లేదు, నలుపు లేదు: తెలుపు. ఇది ఆల్బినో. దీని కళ్ళూ ఎర్రనివే.

అంటే పసుపు పక్షి ఆకుపచ్చలో "సగం", నీలం పక్షి "మిగతా సగం" అనుకోవడం తప్పు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క స్విచ్ చెడింది. నీలం పక్షిలో నలుపు స్విచ్ బాగుంది, లుటినోలో పసుపు స్విచ్ బాగుంది. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఆకుపచ్చ పిల్లలు పుట్టడానికి కారణం అదే.

ఒక హెచ్చరిక. పసుపుగా ఉన్నదల్లా లుటినో కాదు. నల్లకళ్ళ పసుపు పక్షులలో జన్యువు వేరు, లెక్క వేరు. రంగు చూసే ముందు కళ్ళు చూడాలి.

నీలం: దాగి ఉండే జన్యువు

పసుపు వర్ణకాన్ని చిలుకలు తమ శరీరంలోనే తయారుచేసుకుంటాయి. కానరీ పిట్టల మాదిరి తిండి నుంచి తెచ్చుకోవు. ఆ తయారీకి కావలసిన ఎంజైమును నిర్మించే జన్యువును అమెరికాలోని స్టాన్ ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో గుర్తించారు. నీలం పక్షుల్లో ఆ ఎంజైములో 644వ స్థానంలో ఉండవలసిన ఆర్జినిన్ కు బదులు ట్రిప్టోఫాన్ ఉన్నది. పొడవాటి గొలుసులో ఒక్క పూస మారింది. ఆకుపచ్చ చిలుక నీలం చిలుక అయింది!

ప్రతి పక్షిలోనూ ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. పసుపు చేయగల జన్యువును "ప" అని, చేయలేనిదాన్ని "నీ" అని అందాం. పప ఆకుపచ్చ. నీనీ నీలం. పనీ మాటేమిటి? ఒక్క మంచి ప్రతి ఉన్నా పని నడుస్తుంది కనుక అదీ ఆకుపచ్చే. అంటే "ప" బహిర్గతం, "నీ" అంతర్గతం. పనీ పక్షిని పెంపకందార్లు "స్ప్లిట్" అంటారు. పైకి ఆకుపచ్చ, లోపల నీలం దాచుకున్నదని అర్థం. కంటితో చూసి పప ఏదో, పనీ ఏదో చెప్పలేం.

రెండు స్ప్లిట్ పక్షులను జతచేస్తే నాలుగింట ఒక వంతు పప, రెండు వంతులు పనీ, ఒక వంతు నీనీ. మూడు ఆకుపచ్చ, ఒక నీలం. ఇది మెండెల్ 1866లో బఠాణీ మొక్కలతో చూపిన నిష్పత్తే. అయితే నాలుగు గుడ్లు పెట్టగానే సరిగ్గా ఒకటి నీలం కావాలని లేదు. ప్రతి గుడ్డుకూ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ముందు పిల్ల నీలం వచ్చిందని తరువాతి గుడ్డుకు తెలియదు.

లుటినో: తల్లి నుంచి కూతురికి రానిది

నీలం విషయంలో తల్లి, తండ్రి సమానం. లుటినో దగ్గరే కథ మలుపు తిరుగుతుంది.

మనుషుల్లో ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై. పక్షుల్లో ఇది తిరగబడి ఉంటుంది. మగపక్షికి రెండు జెడ్ క్రోమోజోములు. ఆడపక్షికి ఒక జెడ్, ఒక డబ్ల్యు. కనుక పిల్ల ఆడదో మగదో తేల్చేది తల్లి. లుటినో జన్యువు ఈ జెడ్ మీద ఉంది. డబ్ల్యు మీద దానికి జోడీ లేదు. దీన్ని లింగ సహలగ్నత అంటారు.

దీని వల్ల మూడు సంగతులు తేలతాయి. ఒకటి, ఆడపక్షికి ఉన్నది ఒకే జెడ్. దాని మీద లుటినో జన్యువు ఉంటే పక్షి లుటినో, లేకపోతే కాదు. ఆడపక్షి లుటినోకు స్ప్లిట్ కావడం అసంభవం. రెండు, కూతురు తన జెడ్ ను తండ్రి నుంచే తెచ్చుకుంటుంది. తల్లి ఇచ్చేది డబ్ల్యు మాత్రమే. మూడు, కొడుకు లుటినో కావాలంటే తల్లి, తండ్రి ఇద్దరూ లుటినో జెడ్ ఇవ్వాలి.

ఈ మూడూ గుర్తుంటే అన్ని జతల ఫలితాలూ వేళ్ళ మీద లెక్కకట్టవచ్చు:

1. లుటినో మగ, ఆకుపచ్చ ఆడ: కూతుళ్ళన్నీ లుటినో, కొడుకులన్నీ ఆకుపచ్చ స్ప్లిట్.
2. ఆకుపచ్చ మగ, లుటినో ఆడ: అన్నీ ఆకుపచ్చ. కొడుకులు స్ప్లిట్, కూతుళ్ళు కావు.
3. స్ప్లిట్ మగ, ఆకుపచ్చ ఆడ: కూతుళ్ళలో సగం లుటినో, సగం ఆకుపచ్చ. కొడుకులన్నీ ఆకుపచ్చ, వాటిలో సగం స్ప్లిట్.
4. స్ప్లిట్ మగ, లుటినో ఆడ: కొడుకులలో సగం లుటినో, సగం స్ప్లిట్. కూతుళ్ళలో సగం లుటినో, సగం ఆకుపచ్చ.
5. ఇద్దరూ లుటినోలే: పిల్లలన్నీ లుటినో.

మొదటి జతకు ఒక ఉపయోగం ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కంటిరెప్పల చాటున ఎర్రదనం ఉంటే ఆడది, నల్లదనం ఉంటే మగది. ఈకలు కూడా రాకముందే తెలిసిపోతుంది. ఈ సూత్రాన్నే కోళ్ళలో వాడుకుని గంటల వయసులోనే పుంజులను, పెట్టలను వేరుచేయవచ్చని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో చెప్పినవాడు మనం పరీక్షల్లో గళ్ళు గీసే చదరానికి పేరిచ్చిన పునెట్ గారే.

చిక్కుముడి విడిపోయింది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. నీలం మగ, లుటినో ఆడ: తండ్రి నుంచి నీ, తల్లి నుంచి ప, కాబట్టి అన్నీ పనీ. తండ్రి జెడ్ మామూలుది కనుక కూతుళ్ళు లుటినో కాలేవు. కొడుకులకు తల్లి నుంచి లుటినో జెడ్ వచ్చినా తండ్రి జెడ్ దాన్ని కప్పేస్తుంది. అన్నీ ఆకుపచ్చ. ఇక లుటినో మగ, నీలం ఆడ: ఇక్కడా అన్నీ పనీ. కాని కూతుళ్ళకు దొరికిన ఒక్క జెడ్ లుటినో తండ్రిది, అందుచేత అవి పసుపు. కొడుకులకు తల్లి మామూలు జెడ్ ఆసరా ఉన్నందున ఆకుపచ్చ. రంగునీళ్ళ సిద్ధాంతం ఒక వైపు నిజమైనట్లు కనిపించింది. జత తిరగేయగానే వీగిపోయింది. ఒక్క వైపే చూసి ఆగిపోయిన వాళ్ళు ఆ నమ్మకాన్నే పట్టుకుని ఉండిపోయారు.

ఇంకో అడుగు వేద్దాం. ఆల్బినో కావాలంటే ఎలా? పై రెండో జత నుంచి ఒక ఆకుపచ్చ కొడుకును, అలాంటిదే అయిన మరో కుటుంబం నుంచి ఒక పసుపు కూతురును తీసుకోండి. ఇద్దరూ పనీ కనుక పిల్ల నీనీ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. తండ్రి లుటినోకు స్ప్లిట్, తల్లి లుటినో కనుక నలుపు పోయే అవకాశం, కొడుకైనా కూతురైనా, సగం. రెండూ గుణిస్తే ఎనిమిదింట ఒకటి. పదహారు పిల్లల లెక్కన ఆకుపచ్చ 6, పసుపు 6, నీలం 2, తెలుపు 2.

బడ్జెరిగర్ ఒక్కో ఈతకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. పొదిగే కాలం సుమారు 18 రోజులు. ఐదు పిల్లలు వచ్చాయనుకుంటే, వాటిలో ఒక్క ఆల్బినో అయినా ఉండే అవకాశం సగానికి కొంచెం తక్కువ. రెండు ఈతలకు కలిపి నాలుగింట మూడుకు దగ్గర. "లెక్క ప్రకారం రావాలి, రాలేదు" అని నిట్టూర్చే ముందు ఈ గుణకారం చేసి చూసుకోవాలి.

అన్ని జన్యువులూ కప్పేవి, దాక్కునేవి అని రెండే రకాలు కావు. "ముదురు కారకం" అని ఒకటుంది. ఒక ప్రతి ఉంటే ఆకుపచ్చ ముదురు ఆకుపచ్చ, నీలం కోబాల్ట్ అవుతాయి; రెండు ప్రతులుంటే ఆలివ్, మావ్ అవుతాయి. ఇది అసంపూర్ణ బహిర్గతత్వం. ఇందులో స్ప్లిట్ అనే మాటే లేదు, ఉన్నది ఉన్నట్లు కనిపిస్తుంది. పైగా ఈ కారకం, నీలం జన్యువు ఒకే క్రోమోజోము మీద ఉన్నాయి. ఆలివ్ పక్షిని లేత నీలంతో జతచేసి, వచ్చిన ముదురు ఆకుపచ్చ పిల్లలను మళ్ళీ లేత నీలంతో జతచేస్తే నాలుగు రంగులు సమానంగా రావు. ముదురు ఆకుపచ్చ, లేత నీలం ఎక్కువ. లేత ఆకుపచ్చ, కోబాల్ట్ తక్కువ. కలిసి వచ్చిన జన్యువులు కలిసే పోవాలని చూస్తాయి. వినిమయం జరిగినప్పుడే విడిపోతాయి. ఈ లెక్కలు కట్టిన తొలివారిలో 1920లలో జర్మనీలోని బ్రెమెన్ పట్టణంలో పనిచేసిన హాన్స్ డుంకర్ అనే బడిపంతులు ఒకరు.

"స్ప్లిట్" అని అమ్మితే?

దుకాణంలో ఆకుపచ్చ పక్షిని చూపించి "ఇది నీలానికి స్ప్లిట్ సార్, అందుకే ధర ఎక్కువ" అంటారు. ఎలా నమ్మడం? దానికి పరీక్షా సంకరణం ఒక్కటే మార్గం. నీలం పక్షితో జతకట్టండి. ఒక్క నీలం పిల్ల వచ్చిందా, స్ప్లిట్ అని తేలిపోయింది. రాకపోతే? స్ప్లిట్ అయి ఉండి కూడా వరుసగా ఐదు ఆకుపచ్చ పిల్లలే వచ్చే అవకాశం ముప్పయి రెండింట ఒకటి. ఏడు వస్తే నూట ఇరవై ఎనిమిదింట ఒకటి. ఆ అవకాశం తగ్గుతూ పోతుందే గాని సున్నా కాదు. "ఉంది" అనడానికి ఒక్క పిల్ల చాలు. "లేదు" అనడానికి ఎన్ని పిల్లలూ పూర్తిగా చాలవు.

నీలం పక్షి దొరక్క, స్ప్లిట్ అని రూఢిగా తెలిసిన మరో ఆకుపచ్చ పక్షితో పరీక్షిస్తే ఇంకా ఓపిక కావాలి. అక్కడ ప్రతి పిల్లా ఆకుపచ్చ అయ్యే అవకాశం నాలుగింట మూడు. నూటికి ఒకటి కన్న తక్కువ అనుమానం మిగలాలంటే వరుసగా పదిహేడు ఆకుపచ్చ పిల్లలు కావాలి.

ఇక ఎవరైనా ఆకుపచ్చ పెట్టను చూపి "లుటినోకు స్ప్లిట్" అంటే పరీక్ష కూడా అక్కర్లేదు. ఉండటానికి వీల్లేదు. డబ్బు జేబులో పెట్టుకుని రావచ్చు.

అలాగే, ఆకుపచ్చ తల్లిదండ్రులకు లుటినో కూతురు పుడితే ఆశ్చర్యం లేదు, తండ్రి స్ప్లిట్. కాని లుటినో కొడుకు పుడితే తిరిగి చూసుకోవాలి. ఆడ, మగ గుర్తించడంలో తేడా వచ్చి ఉండవచ్చు. మామూలు మగపక్షికి ముక్కు మీది కండ నీలంగా ఉంటుంది. లుటినో మగపక్షికి అది గులాబీ ఊదా రంగులోనే ఉండిపోతుంది. అందువల్ల పొరబడటం సులువు. పక్షుల సంగతి సరిగ్గా గుర్తించామా అన్న ప్రశ్న ముందు, శాస్త్రం తప్పిందా అన్న ప్రశ్న తరువాత. గుంపు పంజరం నుంచి పెట్టను తెచ్చి వెంటనే జతకడితే, మొదటి గుడ్లకు తండ్రి పాత మగపక్షి కావచ్చు. పక్షుల్లో ఆడవి వీర్యకణాలను కొన్ని రోజుల పాటు నిలవ ఉంచుకోగలవు. కనుక ప్రతి జతకూ వేరు పంజరం, పిల్ల కాలికి గుర్తు, పుస్తకంలో తేదీ తప్పనిసరి. పుస్తకం లేని పెంపకంలో ఎన్ని తరాలు గడిచినా నేర్చుకునేది ఏమీ ఉండదు.

పంజరం బయట లెక్క

రంగు త్వరగా స్థిరపడాలని కొందరు అన్నాచెల్లెళ్ళను, తండ్రీకూతుళ్ళను జతచేస్తారు. రంగు వస్తుంది, నిజమే. కాని దాక్కున్న జన్యువు నీలం ఒక్కటే కాదు. ప్రతి ప్రాణిలోనూ కొన్ని లోపాల జన్యువులు ఒంటి ప్రతిగా అణిగి ఉంటాయి. దగ్గర చుట్టరికంలో ఒకే పూర్వజుడి ప్రతి రెండు దారుల్లో వచ్చి పిల్లలో కలుసుకుంటుంది. అన్నాచెల్లెళ్ళ జతలో అలా కలిసే అవకాశం, ఏ జన్యువుకైనా, నాలుగింట ఒకటి.

ఈ లెక్క మన ఇళ్ళల్లోకీ వస్తుంది. మేనమామ, మేనకోడలు పెళ్ళిలో ఆ అవకాశం ఎనిమిదింట ఒకటి. బావామరదళ్ళ పెళ్ళిలో పదహారింట ఒకటి. ఒక లోపజన్యువు జనంలో నూటికి ఒకటి చొప్పున ఉందనుకోండి. చుట్టరికం లేని దంపతుల బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం పదివేలకు ఒకటి. బావామరదళ్ళ బిడ్డకు పదివేలకు సుమారు ఏడు. మేనమామ, మేనకోడళ్ళ బిడ్డకు సుమారు పదమూడు. మేనరికం చేసుకున్న వారి పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు, ఎవరినీ భయపెట్టనక్కర్లేదు. కాని "మా తాతలనాటి నుంచీ చేసుకుంటున్నాం, ఏమైంది?" అన్నది జవాబు కాదు. ఐదు ఆకుపచ్చ పిల్లలను చూసి స్ప్లిట్ కాదని ఒట్టేసినట్లే అది.

తలసేమియా కూడా నీలం రంగు మాదిరి అంతర్గత జన్యువుతో వచ్చేదే. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉంటారు, ఇద్దరూ "స్ప్లిట్". జబ్బు ఉన్న బిడ్డకు ఆరోగ్యవంతుడైన అన్న ఉంటే, అతను ఆ జన్యువును మోస్తున్న అవకాశం ఎంత? సగం అని చాలామంది రాస్తారు. మూడింట రెండు! నాలుగు వంతుల్లో జబ్బు వంతు తీసేస్తే మిగిలేవి ఒక పప, రెండు పనీలు కదా. చిలుకల్లో దీన్ని తేల్చడానికి ఈతలు గడవాలి. మనుషులకు పెళ్ళికి ముందు చేయించుకునే రక్తపరీక్ష చాలు. జాతకాలు చూపించడానికి వెళ్ళే రోజునే దానికీ వెళ్ళి రావచ్చు.

మరో మాట. పక్షుల్లో పిల్ల ఆడదో మగదో తేల్చేది తల్లి అనుకున్నాం. మనుషుల్లో తేల్చేది తండ్రి. తల్లి ఎప్పుడూ ఎక్స్ నే ఇస్తుంది. వై ఇవ్వగలిగినది తండ్రి ఒక్కడే, అదీ అతని చేతిలో లేని పని. ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించే అత్తగారు ఈ ఒక్క పాఠం చదివి ఉంటే ఎన్ని ఇళ్ళల్లో కన్నీళ్ళు తగ్గేవో!

ఈ లెక్కలు చేసి చూడాలనుకునే మిత్రులకు ఒక సూచన. మన రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాన్ని చెట్టు మీదే చూద్దాం. తరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్న బడ్జెరిగర్లు నాలుగు జతలు, విశాలమైన పంజరాలు, కొర్రలు, శుభ్రమైన నీళ్ళు, ఒక నోటుపుస్తకం ఉంటే మన జంతుశాస్త్ర విభాగంలో రెండేళ్ళలో ఈ వ్యాసంలోని ప్రతి లెక్కనూ సరిచూడవచ్చు. ఏ జత నుంచి ఏ రంగు రావాలో ముందే పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, ఆ తరువాతే గూట్లోకి తొంగిచూడాలి. వచ్చిన తరువాత చెప్పే జోస్యానికి ఎవరూ మార్కులు వేయరు.